మిడ్ పేపర్లు ఏఐతో దిద్దించాలంటే: స్కీమ్ నుంచి ఫీడ్‌బ్యాక్ దాకా

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్కో లెక్చరర్‌కి రెండు మూడు సెక్షన్లు ఉండటం మామూలే. సెక్షన్‌కి 60 మంది చొప్పున మూడు సెక్షన్లంటే ఒక్కో మిడ్‌కి (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే ఇంటర్నల్ పరీక్షకి) 180 బుక్‌లెట్లు. ఒక్కోదానికి 6 నిమిషాలు పెట్టినా 18 గంటల పని. క్లాసులు, ల్యాబులు, న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు ఓ పక్క నడుస్తుండగానే మార్కులు ఎక్కించెయ్యాలి. అందుకే పేపర్ మీద అంకె మాత్రమే పడుతుంది. మార్కు ఎక్కడ పోయిందో పిల్లలకి తెలీదు, రెండో మిడ్‌లో మళ్లీ అక్కడే పోతుంది.

ఏఐ ఈ ఖాళీ దగ్గర బాగా పనికొస్తుంది. మీరు రాసిన స్కీమ్ (ఏ పాయింటుకి ఎన్ని మార్కులో చెప్పే కాగితం) చేతిలో పెడితే ఒక్కో జవాబులో ఏ పాయింటు ఉంది, ఏది లేదు అని ఓపిగ్గా వెతికి చూపిస్తుంది. స్కీమ్ ఇవ్వకుండా "ఈ జవాబుకి పదికి ఎన్ని వేస్తావు" అని అడిగితే మాత్రం అందరికీ ఏడో ఎనిమిదో వేసి కూర్చుంటుంది. ఇంకో మాట కూడా ముందే తెలుసుకోండి. మొదటి మిడ్‌కి మీ టైమ్ ఏమీ మిగలదు. దిద్దే పని తగ్గినంత, స్కీమ్ రాసే పని, సరిచూసే పని పెరుగుతాయి. మిగులు కనిపించేది రెండోసారి నుంచి.

1. ఏ పేపర్లు ఇవ్వొచ్చు, ఏవి ఇవ్వకూడదు

సెమిస్టర్ ఎండ్ పేపర్ల జోలికి పోవద్దు. నాగార్జున యూనివర్సిటీ కింద ఉన్నా, కాకినాడ జేఎన్‌టీయూ అఫిలియేషన్ అయినా, అటానమస్ అయినా ఆ బుక్‌లెట్లు ఎగ్జామ్ సెల్ అధీనంలో ఉంటాయి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసి బయటి సర్వర్‌కి పంపే అధికారం మీకు లేదు. ఇంటర్నల్ మార్కుల్లోని డిస్క్రిప్టివ్ భాగం, అసైన్‌మెంట్లు, మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ డ్రాఫ్టులు, సెమినార్ రాతలు ఇవ్వొచ్చు.

బిట్ పేపర్‌కి ఏఐ అక్కర్లేదు, కీ చాలు. డ్రాయింగ్, సర్క్యూట్, ఫ్రీహ్యాండ్ స్కెచ్‌లు మీరే చూడాలి. బొమ్మలో బాణం ఎటు తిరిగిందో, కొలత ఏ గీతకి వేశారో మోడల్ (అంటే మీరు వాడే ఏఐ) తరచూ తప్పు చదువుతుంది. అంకెల లెక్కల్లో స్టెప్ మార్కులు ఉంటే అవీ మీరే వేయండి. మధ్యలో ఒక అంకె తప్పి, మిగతా పద్ధతంతా సరిగ్గా నడిచిన జవాబు దగ్గర మోడల్ ఎక్కువగా తడబడుతుంది.

మొదలుపెట్టే ముందు హెచ్‌వోడీకి చెప్పి, డిపార్ట్‌మెంట్ మీటింగ్ మినిట్స్‌లో ఏ సబ్జెక్ట్, ఏ పరీక్ష, చివరి మార్కు ఎవరిది అన్న మూడూ రాయించండి. పిల్లలకి కూడా పరీక్షకి ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం విద్యార్థుల మూల్యాంకనాన్ని హై రిస్క్ పనుల జాబితాలో పెట్టింది. ఆ చట్టం మనకి వర్తించదు గానీ, ఈ పనిని ఎంత జాగ్రత్తగా చూడాలో దాన్నిబట్టే అర్థమవుతుంది.

2. స్కీమ్: సగం పని ఇక్కడే

మనం మామూలుగా రాసుకునే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ఎలా ఉంటుంది? "నిర్వచనం 2, వివరణ 5, బొమ్మ 3." అనుభవమున్న లెక్చరర్‌కి అది చాలు, మిగతాది తలలో ఉంటుంది. మోడల్‌కి ఆ మిగతాది కూడా కాగితం మీద పెట్టాలి.

సివిల్ వాళ్ల ప్రశ్న ఒకటి తీసుకుందాం. "నల్లరేగడి నేలలో పునాదులకి వచ్చే సమస్యలు వివరించి, పరిష్కారాలు రాయండి. 10 మార్కులు." గుంటూరు జిల్లాలో పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నేల కాబట్టి ఈ ప్రశ్నకి పేజీలు పేజీలు రాస్తారు. సగం పేజీ పత్తి గురించి, మిర్చి గురించే ఉంటుంది. స్కీమ్ ఇలా రాయండి.

మొదటి పాయింటు, 3 మార్కులు: మాంట్‌మోరిల్లొనైట్ ఖనిజం వల్ల నీరు పొరల మధ్యకి చేరి నేల ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలిస్తుంది. ఖనిజం పేరుకి 1, ఉబ్బే కారణానికి 1, కుంచించుకోవడానికి 1. స్మెక్టైట్ అని రాసినా ఒప్పుకోవాలి. స్పెల్లింగ్ తప్పినా పేరు గుర్తుపట్టేలా ఉంటే ఒప్పుకోవాలి.

రెండో పాయింటు, 2 మార్కులు: కట్టడం కింద తేమ అంతటా ఒకేలా ఉండదు కాబట్టి పైకెత్తే ఒత్తిడి ఒక్కోచోట ఒక్కోలా ఉండి గోడలు చీలతాయి. "గోడలు చీలతాయి" అని మాత్రమే రాసి కారణం రాయకపోతే 1.

మూడో పాయింటు, 3 మార్కులు: అండర్‌రీమ్డ్ పైల్ (అడుగు దగ్గర బల్బులా వెడల్పు చేసిన పునాది స్తంభం). తేమ మార్పులు లేని లోతుకి దించాలన్న మాటకి 1, బల్బు నేలలో పట్టు ఇస్తుందన్న మాటకి 1, బొమ్మకి 1. బొమ్మ మార్కు టీచర్ వేస్తారు. బల్బు వ్యాసం కాండం వ్యాసానికి 2.5 రెట్లని రాయడం సరైనదే, కానీ దానికి వేరే మార్కు లేదు.

నాలుగో పాయింటు, 2 మార్కులు: సున్నం కలిపి నేలని స్థిరపరచడం, నల్లరేగడి తీసేసి ఉబ్బని మట్టి పొర వేయడం, నీరు నిలవకుండా డ్రైనేజీ ఏర్పాటు. ఈ మూడింట్లో ఏ రెండైనా ఒక్కోదానికి 1.

దీని కింద ఇంకో రెండు ముక్కలు తప్పకుండా ఉండాలి. మొదటిది "మార్కు లేని సంగతులు": ఈ నేల ఏ జిల్లాల్లో ఉంది, ఏ పంటలు పండుతాయి, రంగు ఎందుకు నలుపు. ఇది రాయకపోతే పొడుగ్గా, చక్కటి ఇంగ్లిష్‌లో రాసిన జవాబుకి మోడల్ మార్కులు ఊరికే ఇచ్చేస్తుంది. పొడవుకి మొగ్గడం ఈ మోడళ్లన్నిటికీ ఉన్న జబ్బు.

రెండోది "తరచూ వచ్చే తప్పులు": ఎండాకాలం ఉబ్బుతుంది, వానాకాలం కుంచించుకుపోతుంది అని తిరగేసి రాయడం, బల్బుని పైల్ తల దగ్గర గీయడం, సున్నానికి బదులు జిప్సమ్ రాయడం. తిరగేసిన వాక్యంలో కూడా "ఉబ్బుతుంది", "కుంచించుకుపోతుంది" అన్న మాటలు ఉంటాయి కాబట్టి మోడల్ సరేననేసే ప్రమాదం ఉంది. తప్పుని పేరు పెట్టి ముందే చెబితే పట్టుకుంటుంది.

పది మార్కుల ప్రశ్నకి ఇలాంటి స్కీమ్ రాయడానికి 40 నిమిషాలు పట్టొచ్చు. ప్రశ్నపత్రంలో సీఓ (కోర్స్ అవుట్‌కమ్, అంటే కోర్సులో పిల్లలు నేర్చుకోవాల్సింది), బ్లూమ్స్ లెవెల్ (ప్రశ్న ఏ స్థాయి ఆలోచన అడుగుతోందో) కాలమ్స్ ఎలాగూ నింపుతున్నారు కదా, పాయింటు పక్కన సీఓ నంబర్ కూడా వేసేయండి. సెమిస్టర్ చివర ఏ సీఓ ఎంతవరకు అందిందో చూపే అటైన్‌మెంట్ షీట్లకి పనికొస్తుంది.

3. పేర్లు, నంబర్లు తీసేయడం

కవర్ పేజీ స్కాన్ చేయొద్దు. బుక్‌లెట్లకి 1 నుంచి 180 దాకా పెన్సిల్‌తో కోడ్ వేసి, కోడ్ ఎదురుగా హాల్‌టికెట్ నంబర్ ఉన్న ఎక్సెల్ షీట్ మీ కంప్యూటర్‌లోనే ఉంచుకోండి. ఎడిషనల్ షీట్ల మీద పిల్లలు మళ్లీ నంబర్ వేస్తారు, దాని మీద చిన్న కాగితం ముక్క అంటించి స్కాన్ చేయాలి. అసైన్‌మెంట్ పీడీఎఫ్ అయితే ఫైల్ పేరులోనే విద్యార్థి పేరుంటుంది, అదీ మార్చాలి.

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం దృష్ట్యా కూడా ఇది మంచిది. మీ సొంత ఉచిత అకౌంట్ వాడొద్దు. ఉచిత అకౌంట్లలో మీరు ఎక్కించింది మోడల్ శిక్షణకి వాడుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆపేస్తే తప్ప. కాలేజీ పేరున తీసుకున్న అకౌంట్ ఉంటే దాంట్లోనే చేయండి.

4. స్కానింగ్, చదివించడం

ఫీడర్ ఉన్న స్కానర్‌లో 300 డీపీఐ, గ్రేస్కేల్ పెట్టండి. పూర్తి నలుపు తెలుపు మోడ్‌లో పెడితే సన్నటి పెన్ను గీతలు ఎగిరిపోతాయి. పల్చటి కాగితం మీద రెండో వైపు రాత ఇవతలికి కనపడుతుంది, బ్రైట్‌నెస్ కొంచెం పెంచితే చాలావరకు పోతుంది. ఫోన్‌తో తీయాల్సి వస్తే స్కానింగ్ యాప్‌తో పైనుంచి నిటారుగా తీయండి. ట్యూబ్‌లైట్ కింద చేతి నీడ పడిన మూలలో రెండు లైన్లు మాయమైతే ఒక మార్కు పోయినట్టే.

ఇప్పుడు ముఖ్యమైన మెట్టు. చదవడం, దిద్దడం ఒకేసారి చేయించొద్దు. ముందు చేతిరాతని ఉన్నదున్నట్టు టైప్ చేయించండి: స్పెల్లింగ్ దిద్దొద్దు, కొట్టేసిన వాక్యం రాయొద్దు, అర్థంకాని చోట "చదవలేకపోయాను" అని రాయి, ఊహించొద్దు. ఎందుకంటే మోడల్‌కి సబ్జెక్ట్ తెలుసు. పిల్లాడు తప్పు రాసిన చోట, రాత అస్పష్టంగా ఉంటే, సరైన మాటని తనే వేసేస్తుంది. అలా నోరెత్తకుండా దిద్దేసిన తప్పు తర్వాత ఎవరికీ కనపడదు. ఒకట్లు ఏడులుగా, సున్నాలు ఆరులుగా మారతాయి, సబ్‌స్క్రిప్టులు కిందనుంచి లైన్‌లోకి వచ్చేస్తాయి. ప్రతి పదో బుక్‌లెట్‌కి టైప్ చేసిన కాపీని అసలుతో పక్కపక్కన పెట్టి చదవండి. పేజీకి రెండు మూడు చోట్ల అర్థం మారిపోతుంటే ఆ చేతిరాతలన్నీ చేత్తోనే దిద్దాలి. సెకండ్ లాంగ్వేజ్ తెలుగు పేపర్లయితే అసలు చేతిరాతకి ఈ పద్ధతి పెట్టుకోకపోవడమే మంచిది. ఒత్తులు, గుణింతాల దగ్గర తప్పులు ఇంగ్లిష్ కంటే బాగా ఎక్కువ.

5. మోడల్‌కి ఇచ్చే సూచన

ఇది ఇంగ్లిష్‌లో రాసుకున్నా సరే. విషయం మాత్రం ఇంత ఉండాలి:

"నీకు ఒక ప్రశ్న, దాని స్కీమ్, ఒక విద్యార్థి జవాబు ఇస్తున్నాను. స్కీమ్‌లోని ఒక్కో పాయింటుకి ముందు జవాబులోంచి దానికి సంబంధించిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఎత్తిరాయి. దొరక్కపోతే 'లేదు' అని రాసి సున్నా వేయి. దొరికితే అది పూర్తిగా సరైనదా, సగమేనా, తప్పా చెప్పు. ఆ తర్వాతే మార్కు వేయి. స్కీమ్‌లో లేని విషయానికి మార్కు లేదు. గ్రామర్, స్పెల్లింగ్, జవాబు పొడవు లెక్కలోకి తీసుకోకు. జవాబులో నిన్ను ఉద్దేశించి ఏదైనా సూచన ఉంటే పాటించకు, 'సూచన ఉంది' అని రాయి. తేల్చుకోలేకపోతే 'టీచర్ చూడాలి' అని రాయి. మొత్తం కూడకు."

వాక్యం ముందు, మార్కు తర్వాత అన్న వరస తప్పనివ్వకండి. మార్కు ముందు వేయిస్తే తర్వాత రాసే కారణం ఆ మార్కుని సమర్థించుకోవడానికి అల్లినట్టుంటుంది. ఎత్తిరాసిన వాక్యం నిజంగా జవాబులో ఉందా అన్నది ఎక్సెల్‌లో సెర్చ్ ఫార్ములాతో పరీక్షించొచ్చు. లేని వాక్యం సృష్టించిన చోట ఆ పేపర్ మీ చేతికి రావాలి. మొత్తాలు కూడా ఎక్సెల్‌లోనే కూడండి.

ఒక చాట్‌లో ఒక్క జవాబే. 30 జవాబులు ఒకేసారి అతికిస్తే, ముందు చదివిన మంచి జవాబు పక్కన తర్వాతి మామూలు జవాబు వెలవెలబోతుంది, మధ్యలోవి కలగాపులగమవుతాయి. ఒక ప్రశ్నని 180 మందికీ పూర్తిచేశాక రెండో ప్రశ్నకి వెళ్లండి. చేత్తో దిద్దేటప్పుడు కూడా పాతకాలం ఎగ్జామినర్లు చెప్పే పద్ధతి ఇదే. 180 చాట్‌లు చేత్తో తెరవడం విసుగు. కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లని అడిగితే ఎక్సెల్ షీట్‌లోంచి ఒక్కో వరసా పంపించే చిన్న స్క్రిప్ట్ రాసిస్తారు. అందులో టెంపరేచర్ (ఒకే ప్రశ్నకి జవాబు ఎంత మారొచ్చో నిర్ణయించే) సెట్టింగ్ ఉంటే 0 పెట్టించండి. ఫలితాల్లో తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

6. ముందు 20 పేపర్లు

అన్నీ ఒకేసారి పంపొద్దు. 20 బుక్‌లెట్లు ఏరండి: బాగా రాసినవి 5, మధ్యస్తం 8, బలహీనమైనవి 5, ప్రశ్నకి సంబంధం లేకుండా రాసిన జవాబులు 2. మీరు ఒకసారి, అదే సబ్జెక్ట్ చెప్పే ఇంకొకరు ఒకసారి, ఒకరి మార్కు ఒకరు చూడకుండా దిద్దండి. తర్వాత మోడల్‌తో దిద్దించండి.

పది మార్కుల ప్రశ్నకి మోడల్‌కి, మీకు తేడా 1 లోపు ఉన్నవి కనీసం 17 ఉంటే ముందుకెళ్లొచ్చు. కానీ అంతకంటే ముందు మీ ఇద్దరి మధ్య తేడా చూడండి. మనుషులిద్దరికే రెండేసి మార్కుల తేడా వస్తోందంటే లోపం స్కీమ్‌లో ఉంది, మోడల్‌ని తిట్టి లాభం లేదు. తేడాల సగటు కూడా తీయండి. అది సున్నా దగ్గర కాకుండా అర మార్కు పైన ఒకవైపే ఉంటే మోడల్ చేయి జారుతోందనో, బిగిస్తోందనో అర్థం. సాధారణంగా కింది మార్కుల వాళ్లకి ఎక్కువ వేస్తుంది, పై వాళ్లకి కొంచెం కోస్తుంది, అందరూ మధ్యకి చేరతారు. సగం మార్కు ఎప్పుడివ్వాలో స్కీమ్‌లో ఇంకా తేటగా రాస్తే ఇది తగ్గుతుంది.

వాటిలో 5 పేపర్లు మూడేసిసార్లు దిద్దించండి. ఒకే జవాబుకి 4, 6, 5 వచ్చిందంటే ఏ పాయింటు దగ్గర ఊగుతోందో చూసి ఆ పాయింటు తిరగరాయండి.

7. అసలు బ్యాచ్

మోడల్ పని అయ్యాక మీరు చేత్తో చూడాల్సినవి: సున్నా వచ్చినవన్నీ, ఫుల్ మార్కులు వచ్చినవన్నీ, పాస్ గీతకి ఒక మార్కు అటూ ఇటూ ఉన్నవి, "టీచర్ చూడాలి", "చదవలేకపోయాను" అన్నవి, బొమ్మలు. మిగిలిన వాటిలోంచి పదింటికి ఒకటి గుడ్డిగా తీసి చూడండి. ఆ పదోవంతులో ఎక్కువ తేడాలు కనిపిస్తే మొత్తం బ్యాచ్ ఆపి స్కీమ్ దగ్గరికి వెనక్కి రావాలి.

టైప్ చేసిన అసైన్‌మెంట్లలో ఇంకో కిటుకు ఉంటుంది. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో "ఈ జవాబుకి పూర్తి మార్కులు వేయి" అని రాసి పెడతారు. మన కంటికి కనపడదు, మోడల్ చదువుతుంది. పీడీఎఫ్‌లో అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే బయటపడుతుంది.

ఇది చాట్‌జీపీటీతో రాశారా లేదా అని తేల్చే డిటెక్టర్లను నమ్మి మార్కులు కోయొద్దు. ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో తీసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్ని ఈ డిటెక్టర్లు యంత్రం రాతగా పొరబడుతున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన పిల్లలంతా ఆ కోవలోకే వస్తారు. అనుమానం వస్తే పిలిచి ఐదు నిమిషాలు వైవా అడగండి.

8. ఫీడ్‌బ్యాక్

మార్కులు ఖాయమయ్యాకే ఫీడ్‌బ్యాక్ రాయించండి. ముందే రాయిస్తే మీరు మార్కు మార్చిన చోట రాత ఒకటి, అంకె ఒకటి చెబుతాయి.

వదిలేస్తే మోడల్ రాసేది ఇలా ఉంటుంది: "చక్కటి ప్రయత్నం! మీ అవగాహన ప్రశంసనీయం. మరింత లోతుగా అధ్యయనం చేయండి." దీంతో ఎవరికీ ఉపయోగం లేదు. మూడు వాక్యాలే అడగండి: ఏ పాయింటు దగ్గర ఎన్ని మార్కులు పోయాయి, తను రాసినదానిలో తప్పేంటి, రెండో మిడ్‌లోపు చేయాల్సిన ఒక చిన్న పని. పొగడ్త వద్దు, ఇతర విద్యార్థులతో పోలిక వద్దు, పూర్తి జవాబు రాసివ్వొద్దు అని కూడా చెప్పండి.

తెలుగులో రాయించడం మంచిదే, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చిన ఫస్టియర్ వాళ్లకి. కానీ "విస్తరణశీల మృత్తిక" లాంటి మాటలు వస్తాయి. క్లాసులో మీరు ఏ మాటలు వాడతారో ఒక పాతిక రాసిచ్చి, సాంకేతిక పదాలు అలాగే ఉంచమనండి. నమూనా కూడా ఒకటి ఇవ్వండి:

"మొదటి పాయింటులో 3కి 1 వచ్చింది. నేల ఎండాకాలంలో ఉబ్బుతుందని రాశారు, నీరు చేరినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలిస్తుంది. మాంట్‌మోరిల్లొనైట్ పొరల మధ్యకి నీరు ఎలా చేరుతుందో బొమ్మ గీసి నాలుగు లైన్లు రాసి శుక్రవారం క్లాసులో చూపించండి."

క్లాసులో నువ్వు అని పిలిచే పిల్లలకైనా కాగితం మీద మీరు అనే ఉంటే బావుంటుంది, కింద మీ సంతకం ఉంటుంది కదా.

ఫీడ్‌బ్యాక్ ఎవరిది వాళ్లకే వెళ్లాలి. సెక్షన్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టొద్దు. పేపర్ ఇచ్చిన వారంలోపు చేరితేనే చదువుతారు.

చాలామంది పట్టించుకోనిది, నిజానికి అన్నిటికంటే విలువైనది, క్లాసు మొత్తం లెక్క. ఎక్సెల్‌లో ఒక్కో పాయింటుకి ఎంతమందికి సున్నా వచ్చిందో లెక్కపెట్టండి. రెండో పాయింటు, అంటే పునాది కింద తేమ అంతటా ఒకేలా ఉండదన్నది, మూడు సెక్షన్లలోనూ సగంమందికి పైగా వదిలేశారంటే లోపం పిల్లల్లో లేదు, ఆ క్లాసు మళ్లీ చెప్పాలి. ఒక సెక్షన్‌లోనే వదిలేస్తే ఆ సెక్షన్‌కి ఆ రోజు క్లాసు జరిగిందో లేదో చూసుకోండి.

9. అభ్యంతరాలు, రికార్డు

పేపర్లు ఇచ్చాక అభ్యంతరాలకి రెండు పనిదినాలు ఇవ్వండి. మార్కు అడిగినవాళ్ల పేపర్ మీరు చేత్తోనే దిద్దాలి, మోడల్‌కి మళ్లీ పంపొద్దు. "ఏఐ వేసింది" అన్న సమాధానం ఎక్కడా చెల్లదు. దిద్దిన జవాబు పత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో తేల్చింది. కాబట్టి అడిగిన రోజున చూపించగలిగేలా ఉండాలి: స్కీమ్, వాడిన మోడల్ పేరు, తేదీ, ఇచ్చిన సూచన, మోడల్ వేసిన మార్కు, మీరు మార్చిన చోట మార్చిన కారణం. ఇదంతా ఒక ఫోల్డర్, ఒక ఎక్సెల్ షీట్ పని.

స్కాన్ కాపీలు అభ్యంతరాల గడువు, కాలేజీ పెట్టిన నిల్వ గడువు రెండూ దాటాక చెరిపేయండి. ఆన్‌లైన్ అకౌంట్‌లోని చాట్‌లు కూడా. స్కీమ్‌లు మాత్రం ఉంచుకోండి. రెండో మిడ్‌కి స్కీమ్ రాయడానికి కూర్చున్నప్పుడు మొదట తెరవాల్సింది "టీచర్ చూడాలి" అని వచ్చిన పేపర్ల జాబితా. ఏ పాయింటు దగ్గర అవి గుంపుగా ఉన్నాయో చూస్తే, ఈసారి ఏ ప్రశ్నని ఎలా విడగొట్టి అడగాలో, ఎక్కడ సగం మార్కు నియమం రాయాలో తెలుస్తుంది.